ఒక్కో కన్నూ మూసి, ఒక్కో చెవీ మూసి అడుగు

చి. అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఆశా కార్యకర్తగా చేరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ట్రైనింగ్‌లో కాన్పులు, టీకాలు, బీపీ, షుగర్ బాగానే చెప్పారట గానీ కళ్ళూ చెవులూ వచ్చేసరికి గబగబా అయిపోయిందట. ఇంటింటికీ తిరిగేటప్పుడు జనం ముందుగా అడిగేవి అవే. గోదావరి పల్లెల్లో ఏఎన్ఎంగా రిటైరయ్యేదాకా నేను చూసినవీ, పెద్ద డాక్టర్ల దగ్గర నేర్చుకున్నవీ రాస్తున్నాను.

జబ్బు ఏమిటో తేల్చి మందు రాయడానికి డాక్టరు ఉన్నారు. ఎవరిని ఈ పూటే పంపాలి, ఎవరు ఈ వారంలో వెళ్ళినా ఫర్వాలేదు, ఎవరికి ధైర్యం చెబితే చాలు అన్నది నువ్వు చూసుకో. దానికి ముందుగా ఒక అలవాటు చేసుకోవాలి. కళ్ళు రెండు, చెవులు రెండు కాబట్టి ఒకటి పాడైనా రెండోది దాన్ని కప్పెట్టేస్తుంది. "మామ్మగారూ, బాగా కనబడుతోందా?" అంటే "ఆఁ, కనబడుతోందమ్మా" అంటారు. ఒక కన్ను మూయించి అడిగితే అప్పుడు బయటపడుతుంది, ఆవిడకే ఆశ్చర్యంగా ఉంటుంది. అరచేత్తో మూయమను. వేళ్ళతో మూస్తే సందుల్లోంచి చూసేస్తారు, గట్టిగా నొక్కితే ఆ కన్ను కాసేపు మసకబారుతుంది. పగటి వెలుతురులో మూడు మీటర్ల దూరంలో నిలబడి వేళ్ళు చూపించు. అద్దాలుంటే పెట్టుకునే చెప్పమను. లెక్కపెట్టలేకపోతే ఇక ఆలస్యం చెయ్యొద్దు. చెవికీ ఇంతే. ఫోన్ ఎప్పుడూ ఒక చెవికే పెట్టుకునేవాళ్ళని రెండో చెవికి పెట్టుకుని మాట్లాడమను.

ఇక ఎర్రకన్ను. వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి కండ్ల కలకే. ముందు ఒక కంటికి వచ్చి, ఒకటి రెండు రోజుల్లో రెండోదానికి అంటుకుంటుంది, ఇంట్లో మరొకరికి కూడా ఉంటుంది. నీళ్ళు కారుతూ ఇసుక పడ్డట్టు గరగరమంటే చాలావరకు వైరస్ వల్ల వచ్చినది. పొద్దున లేచేసరికి పుసులు కట్టి రెప్పలు అతుక్కుపోతే బాక్టీరియా. రెండు కళ్ళూ విపరీతంగా దురద పెట్టి, పిల్లాడు పిడికిలితో నలుపుకుంటూనే ఉంటే, అదీ ఏటా ఎండాకాలంలో వస్తుంటే ఎలర్జీ. వీటన్నిటిలో పుసి తుడిచేస్తే చూపు మామూలుగానే ఉంటుంది. అది గుర్తుంచుకో.

నీ దగ్గర టార్చ్ ఉంటుందిగా, దాంతో ఒకటి చూడు. కింది రెప్ప మెల్లగా లాగి ఎరుపు ఎక్కడ ఎక్కువగా ఉందో గమనించు. రెప్ప లోపలి వైపూ తెల్లగుడ్డు అంచులూ ఎర్రగా ఉండి, నల్లగుడ్డు దగ్గరకి వచ్చేసరికి ఎరుపు పలచబడితే కలక అనుకోవచ్చు. నల్లగుడ్డు చుట్టూ వలయంలా ఎరుపు ముదిరి ఉంటే జబ్బు లోపలిది. దానికి తోడు నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా కలక అని సరిపెట్టుకోకు, ఆరోజే పంపెయ్యి.

మన ప్రాంతంలో మరీ భయపడాల్సింది నల్లగుడ్డు మీద పుండు. వరి కోతలు, నూర్పిళ్ళ రోజుల్లో చూడు, ఊక ఎగిరి కంట్లో పడుతుంది, వరి ఆకో చెరకు ఆకో గీసుకుపోతుంది. ఆ మనిషి కళ్ళు నలుపుకుని పనిలోకి వెళ్ళిపోతాడు. రెండు మూడు రోజులకి కన్ను పోటు, నీళ్ళు, వెలుతురులోకి తల ఎత్తలేకపోవడం మొదలవుతాయి. టార్చ్ పక్కనుంచి వేసి చూస్తే నల్లగుడ్డు మీద తెల్లగానో బూడిదరంగుగానో నూకగింజంత మచ్చ కనిపిస్తుంది. ఆకులు, గడ్డి తగిలిన గాయాల్లో ఫంగస్ చేరుతుంది, అది నిదానంగా లోపలికి తినేస్తుంది. ఈలోగా ఇంట్లోవాళ్ళు ఊరుకోరు. నందివర్ధనం పూల రసం పోస్తారు, బాలింతని పిలిచి చనుబాలు పిండిస్తారు, ఆముదం చుక్క వేస్తారు. ఇంకొందరు మెడికల్ షాపులో "ఎర్రకన్నుకి చుక్కలివ్వండి" అని తెచ్చుకుంటారు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే రెండు రోజులు ఎరుపు తగ్గి హాయిగా ఉంటుంది, పుండు మాత్రం ముదురుతుంది. ఆ తర్వాత మానినా పువ్వు వేసి, అంటే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ మిగిలి, చూపు పోతుంది. అందుకని ఎవరొచ్చినా ముందు "కంట్లో ఏం వేశారు?" అని అడుగు. మందలిస్తే చెప్పరు, మామూలుగా అడిగితేనే చెబుతారు. వేసుకున్న సీసా కూడా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళమను.

సున్నం పడ్డ కన్ను సంగతి వేరు. కిళ్ళీ సున్నం ట్యూబు పిల్లలు నొక్కితే చిమ్మి కంట్లో పడుతుంది. ఆటో కోసం వెతక్కుండా అక్కడే రెప్పలు విప్పి అరగంటసేపు శుభ్రమైన నీళ్ళు ధారగా పొయ్యాలి, ముక్కలేమైనా ఉంటే తడి గుడ్డతో తీసెయ్యాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. ఎరువులకీ, పురుగుమందులకీ, యాసిడ్‌కీ అంతే.

నీటికాసులు, అంటే కంట్లో ప్రెషర్ పెరిగే గ్లకోమా జబ్బు, రెండు రకాలుగా వస్తుంది. ఒకటి హఠాత్తుగా. నలభై యాభై దాటినవాళ్ళలో, ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. ఒక పక్క కన్నూ తలా పగిలిపోయే పోటు, వాంతులు, లైటు చుట్టూ రంగురంగుల వలయాలు, నల్లగుడ్డు మసక. వాంతులు చూసి గ్యాస్ ట్రబుల్ అనుకుంటారు, తలపోటు చూసి పార్శ్వపు నొప్పి అనుకుంటారు. తలనొప్పీ వాంతులూ అన్న ప్రతి మనిషి కళ్ళూ టార్చ్ వేసి చూడు, కన్ను ఎర్రగా ఉంటే గంటలు కూడా ముఖ్యమే, 108 పిలువు. రెండో రకం చప్పుడు చెయ్యదు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పక్క చూపు కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తుంది. గుమ్మానికి భుజం తగులుతోందని, పక్కనుంచి వచ్చిన బండి కనబడలేదని అంటే అనుమానించు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోవడమే. అమ్మానాన్నలకో తోబుట్టువులకో ఉంటే నలభై దాటగానే కంటి ప్రెషర్ చూపించుకోమను.

శుక్లం గురించి నీకు తెలిసే ఉంటుంది. నొప్పి లేకుండా పొగమంచు కమ్మినట్టు మసక, రాత్రి ఎదురు బండి లైటు పడితే ఏమీ కనబడకపోవడం, కంటిపాప తెల్లబడటం. ఒక చిత్రం చెబుతాను. కొందరు తాతగార్లు ఉన్నట్టుండి కళ్ళజోడు తీసేసి పేపరు చదవడం మొదలుపెడతారు, ఇంట్లోవాళ్ళు మురిసిపోతారు. అది శుక్లం మొదలవుతున్న గుర్తు, కొన్నాళ్ళకి ఆ చూపూ తగ్గిపోతుంది. శుక్లం ముదిరాక ఆపరేషన్ చేయించాలన్నది పాత రోజుల మాట. ఇప్పుడు లెన్సు పెడుతున్నారు, పనులకి ఇబ్బంది అవుతోందంటే అదే సమయం. మరీ ముదరబెడితే ఆపరేషనూ కష్టం, ఒక్కోసారి కంట్లో ప్రెషర్ కూడా పెరుగుతుంది.

షుగర్ ఉన్నవాళ్ళ జాబితా నీ దగ్గర ఉంటుంది. కనబడటం బాగానే ఉన్నా ఏడాదికోసారి చుక్కలు వేసి వెనక నరాల పొర చూపించుకోవాల్సిందే, ఎందుకంటే అక్కడ దెబ్బతింటున్నా చాలాకాలం ఏమీ తెలియదు. కంటి ముందు నల్లటి దారాలూ చుక్కలూ ఒక్కసారిగా ఎక్కువైనా, మెరుపులు వచ్చినా, ఒక పక్కనుంచి తెర దించినట్టు నల్లబడినా, షుగర్ ఉన్నా లేకపోయినా, ఆరోజే పంపాలి. నలభై ఏళ్ళకి సూదిలో దారం ఎక్కకపోతే మాత్రం కంగారు పడకు, అది చత్వారం. కంటి మూల నుంచి నల్లగుడ్డు మీదికి కండ పాకినా, రెప్ప మీద కురుపు లేచినా తొందరేం లేదు. కురుపుకి వేడినీళ్ళ గుడ్డ కాపడం చాలు.

పిల్లల కళ్ళ విషయంలో గట్టిగా ఉండు. ఆర్నెల్లు దాటాక కూడా కన్ను మెల్లగా ఉంటే "మెల్లకన్ను అదృష్టం" అనే అమ్మమ్మలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మెల్లగా ఉన్న కంటిని మెదడు వాడటం మానేస్తుంది, చిన్నప్పుడే సరిచెయ్యకపోతే పెద్దయ్యాక అద్దాలిచ్చినా చూపు రాదు. ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో ఒక కంటిపాప ఎర్రగా, రెండోది తెల్లగా మెరిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. అది శుక్లం కావచ్చు, కంటిలో కాన్సర్ గడ్డ కూడా కావచ్చు, త్వరగా చూస్తే ప్రాణం దక్కుతుంది. సాయంత్రం దీపాల వేళ పిల్లాడు తడుముకుంటున్నాడంటే రేచీకటి. తెల్లగుడ్డు మీద నురుగులాంటి మచ్చలు ఉన్నాయేమో చూడు. ఇవి విటమిన్ ఎ లోటుకి గుర్తులు. విటమిన్ ఎ తొమ్మిదో నెలలో మొదటి డోసు, ఏడాదిన్నరకి రెండోది, ఆపైన ఐదేళ్ళ వరకు ఆర్నెల్లకోసారి, మొత్తం 9. కార్డులో ఖాళీలుంటే నువ్వే పట్టుకోవాలి.

చెవులకొస్తే, చీము చెవి గురించే ఎక్కువ చెప్పాలి. జలుబు చేసిన పిల్లాడు అర్ధరాత్రి గుక్కపట్టి ఏడుస్తాడు, జ్వరం, చెవి లాక్కుంటాడు. తెల్లారేసరికి చెవిలోంచి చీము కారి, ఏడుపు ఆగి, హాయిగా నిద్రపోతాడు. తల్లి తగ్గిపోయిందనుకుంటుంది. కర్ణభేరికి చిల్లు పడి లోపలి ఒత్తిడి తగ్గింది, అంతే. అప్పుడు సరిగ్గా మందు వాడితే చిల్లు చాలామందికి పూడుకుంటుంది. వదిలేస్తే జలుబు చేసినప్పుడల్లా కారుతుంది. రెండు వారాలు దాటి కారుతుంటే అది దీర్ఘకాలిక జబ్బు కింద లెక్క. అప్పుడు చీముని చూడు, వాసన కూడా చూడు. జిగటగా, ధారాళంగా, వాసన లేకుండా ఉంటే కొంత నయం. కొంచెమే వస్తూ కుళ్ళు వాసన కొడితే ఎముకని తినే రకం కావచ్చు, ఈఎన్‌టీ డాక్టరే చూడాలి. చెవి వెనక వాపొచ్చి చెవి ముందుకి తోసుకొచ్చినా, మూతి వంకర పోయినా, కళ్ళు తిరిగినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా అదే పూట పెద్దాసుపత్రికి.

కారే చెవిలో వెల్లుల్లి కాచిన నూనె పొయ్యనివ్వకు. పలచని నూలుగుడ్డని వత్తిలా చేసి, తల్లి చేతే పెట్టించి, తడి పీల్చాక తీసి, పొడి వత్తి పెట్టించు, తడి అంటకపోయేదాకా. రోజుకి మూడుసార్లు. స్నానానికి వాసెలిన్ రాసిన దూది పెట్టమను, చెరువులో మునగొద్దను. పడుకోబెట్టి సీసాతో పాలు పట్టే ఇంట్లో ఆ అలవాటు మాన్పించు.

చెవిపోటు లోపలిదా, బయటి చెవి గొట్టానిదా అన్నది తెలియాలంటే చెవి డొప్పని మెల్లగా పైకి లాగు, ముందున్న చిన్న బొడిపెని నొక్కు. ప్రాణం పోయినట్టు అరిస్తే గొట్టంలో పుండో కురుపో ఉంది. వానాకాలంలో దురద ఎక్కువై చెవి తడితడిగా ఉంటే ఫంగస్. పుల్లలు, పిన్నీసులు, ఇయర్‌బడ్లు తిప్పేవాళ్ళకే ఇవి ఎక్కువ. షుగర్ ఉన్న పెద్దాయనకి రాత్రిళ్ళు నిద్రపట్టనంత చెవిపోటు ఉంటే చిన్న కురుపని తీసెయ్యకు, అది ఎముకలోకి పాకే ప్రమాదం ఉంది. తలస్నానం చెయ్యగానే దిబ్బడ వేసిందంటే గుబిలి ఉబ్బింది, భయం లేదు. కానీ ఏ కారణమూ లేకుండా ఒక చెవి ఉన్నట్టుండి వినబడటం మానేస్తే గుబిలి అనుకుని కూర్చోకూడదు, మొదటి రోజుల్లో మందు పడితేనే వినికిడి తిరిగొచ్చే ఆశ.

పురుగు దూరితే గోరువెచ్చని నూనె చుక్కలు వేస్తే చస్తుంది, చెవి ఇంతకుముందు కారి ఉండకపోతేనే సుమా. శనగగింజ పెట్టుకుంటే నీళ్ళు పొయ్యకు, ఉబ్బి బిగుసుకుంటుంది. బొమ్మలోని బిళ్ళ బ్యాటరీ అయితే గంటల్లో కాల్చేస్తుంది, పరుగెత్తాల్సిందే.

ముసలివాళ్ళ చెవుడులో మాట వినబడుతుంది గానీ అర్థం కాదు. "గొణుగుతావేమే" అని కోడలిని విసుక్కుంటారు, మనవరాలి సన్నటి గొంతు అందదు, టీవీ మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది. ఇంట్లో తగవులకి ఇదో కారణమని నా అనుభవం. టీబీ మందు వాడేవాళ్ళని కూడా నెలనెలా అడుగు. ఇథాంబుటాల్ వల్ల కొందరికి చూపు మసకబారి, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదు. స్ట్రెప్టోమైసిన్, అమికాసిన్ ఇంజక్షన్లతో చెవిలో హోరు, వినికిడి తగ్గడం, తూలడం రావచ్చు. మందు వాళ్ళంతట వాళ్ళు మానకూడదు, వెంటనే డాక్టరుకి చెప్పాలి.

పసిబిడ్డల చెవుడు తల్లికి కూడా తెలియదు, ఎందుకంటే బిడ్డ మొహం చూసి నవ్వుతుంది, కేరింతలు కూడా కొడుతుంది. పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడుతోందా, ఆర్నెల్లకి పిలుపు వైపు తల తిప్పుతోందా, ఏడాదికి ఒకటో రెండో మాటలు వచ్చాయా చూడు. బిడ్డ వెనక, కనబడకుండా నిలబడి పిలవాలి. చప్పట్లు కొడితే గాలి తగిలి తిరగొచ్చు, అదీ చూసుకో. మేనరికం చేసుకున్న ఇళ్ళలో, నెల తక్కువ పుట్టిన పిల్లల్లో, పుట్టగానే కామెర్లు ముదిరినవాళ్ళలో మరింత జాగ్రత్త. "మా ఆయనకీ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని అత్తగారు అంటుంది. ఆవిడని ఎదిరించకుండా బెరా పరీక్షకి (చప్పుడు మెదడుకి చేరుతోందా అని మిషనుతో చూసే వినికిడి పరీక్ష) జిల్లా ఆసుపత్రికి పంపే ఏర్పాటు చెయ్యి. వినికిడి మిషనుకైనా, చెవి లోపల పరికరం అమర్చే కాక్లియర్ ఆపరేషన్‌కైనా వయసు చిన్నదయ్యేకొద్దీ మాటలు బాగా వస్తాయి.

పంపేటప్పుడు చీటీ మీద ఏ కన్ను, ఏ చెవి, ఎన్నాళ్ళనుంచి, ఏం వేశారు, వేళ్ళు ఎంత దూరంలో లెక్కపెట్టారు, ఈ అయిదూ రాసివ్వు. పెద్దాసుపత్రి ఓపీలో అంత ఓపిగ్గా అడిగే తీరిక ఎవరికీ ఉండదు. కోతలయ్యాక వెళ్తామంటే తోడు ఎవరొస్తారో, ఏ బస్సుకో ఆ గుమ్మంలోనే తేల్చుకుని రా. సంక్రాంతికి వచ్చేటప్పుడు నా దగ్గరున్న, చూపు పరీక్షించే ‘E’ అక్షరాల చార్టు తెస్తాను, ఆరు మీటర్లు కొలిచి మీ గోడ మీద గీత పెట్టి ఉంచు.

మీ అమ్మకీ నాన్నకీ అడిగానని చెప్పు.

ఇట్లు,
పెద్దమ్మ