అమ్మ ఇంకా రేవు దగ్గరే ఉంది

ప్రశ్న: మా అమ్మకి 72 ఏళ్లు. సొంతూరు కొవ్వూరు. నాన్న పోయాక రెండేళ్ల క్రితం హైదరాబాద్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాను. ఏడాదిగా మతిమరుపు బాగా పెరిగింది. పొద్దున తిన్న టిఫిన్ గుర్తుండదు. కాలేజీ రోజుల్లో లాంచీ ఎక్కి గోదావరి దాటి రాజమండ్రి వెళ్లిన సంగతులు మాత్రం పూస గుచ్చినట్టు చెబుతుంది. ఆఖరి లాంచీ తప్పిపోయిన కథ అయితే ఎన్నిసార్లు మొదలుపెట్టిందో లెక్కలేదు. ‘తెలుసులే అమ్మా’ అని మధ్యలోనే ఆపేస్తాను. సాయంత్రం అయ్యేసరికి చీర మార్చుకుని గుమ్మం దగ్గర నిలబడుతుంది. ‘లాంచీ వెళ్లిపోతోంది, అది ఇంకా రాలేదేంటి’ అని స్నేహితురాలి కోసం అడుగుతుంది. ఆవిడ పోయి మూడేళ్లయింది. ‘ఆవిడ లేదమ్మా, చనిపోయింది’ అని చెబుతాను. అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది, అన్నం ముట్టదు. మర్నాడు మళ్లీ అదే. అబద్ధం చెప్పడానికి నాకు మనసు రాదు. అబద్ధం ఆడొద్దని నేర్పిందే అమ్మ. మొన్న నన్ను చూసి ‘మీరెవరి తాలూకండీ?’ అంది. నన్ను మరిచిపోయి స్నేహితురాలిని గుర్తుపెట్టుకుందంటే, నేనేం తక్కువ చేశాను? అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. ‘వయసు మీద పడితే అంతేలే’ అంటాడు. నాకు 44 ఏళ్లు, ఇంటి నుంచే ఉద్యోగం, ఇంటర్ చదివే కొడుకు. ఈమధ్య చిన్నదానికే అమ్మ మీద అరుస్తున్నాను. తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఏడుస్తున్నాను.

జవాబు: మీ ఉత్తరంలో ఆ ‘అండీ’ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘ఏమే’ అనీ ‘ఒసేయ్’ అనీ పిలిచిన నోటితోనే అమ్మ ‘అండీ’ అంటే కడుపులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. ముందు దాని గురించే మాట్లాడుకుందాం.

డాక్టరు చూడకుండా ఇది ఫలానా జబ్బని నేను చెప్పలేను. కానీ అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బుల్లో సాధారణంగా మొదట దెబ్బ తినేది మెదడులో కొత్త విషయాలను దాచుకునే భాగం. అందుకే పొద్దుటి ఇడ్లీ నిలవదు, యాభై ఏళ్ల కిందటి లాంచీ నిలుస్తుంది. పోనుపోను దగ్గరి ఏళ్లు ముందు చెరుగుతాయి, దూరపువి ఆ తర్వాత. సాయంత్రం గుమ్మంలో నిలబడ్డప్పుడు మీ అమ్మగారికి పద్దెనిమిదేళ్లు. గోదావరి మీద రోడ్డూ రైలూ కలిసిన వంతెన 1974లో వచ్చింది. ఆవిడ నిలబడ్డ చోట ఆ వంతెన ఇంకా లేదు. పెళ్లి కాలేదు. మీరు పుట్టలేదు. ఎదురుగా ఎవరో తనకంటే పెద్దావిడ కనిపిస్తోంది. పెద్దవాళ్లను ‘అండీ’ అనాలని ఇంట్లో నేర్పిన పిల్ల కాబట్టి అలాగే పిలిచింది. స్నేహితురాలు మీ చోటు లాక్కోలేదు, మీరేమీ తక్కువ చేయలేదు. మళ్లీ అలా అడిగితే ‘నేనమ్మా, నీ కూతుర్ని’ అని ఒక్కసారి చెప్పి చూడండి. మొహంలో వెలుగు రాకపోతే వదిలేయండి. ‘మీ వాళ్లమేనండీ, పక్కనే ఉంటాం’ అంటే చాలు, ఆవిడ కుదుటపడుతుంది.

ఇక నిజం చెప్పాలా వద్దా అన్న సంగతి. మా నాన్నగారు చివరి రెండేళ్లు తమ్ముడి కోసం అడిగేవారు. ఆ బాబాయి అప్పటికే పోయారు. నేనూ మీలాగే ప్రతిసారీ నిజమే చెప్పేదాన్ని. ఒకరోజు ఆయన నా చెయ్యి పట్టుకుని, ‘మరి నాకెందుకు చెప్పలేదమ్మా, కడచూపుకైనా వెళ్లేవాణ్ని కదా’ అన్నారు. నిజానికి ఆయన వెళ్లారు, కర్మకాండ అంతా దగ్గరుండి చేయించారు. నేను నిజం అనుకుని చెబుతున్నది ఆయన దాకా ఎలా చేరుతోందో ఆ రోజు అర్థమైంది. ఇలాంటి జబ్బులో చావు కబురు మనసులో నిలవదు, దాని దుఃఖం మాత్రం నిలుస్తుంది. ఎందుకు ఏడ్చిందో మరిచిపోయాక కూడా ఆ బరువు అలాగే ఉంటుంది. మీ అమ్మగారు కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకపోవడం అందుకే. స్నేహితురాలు ఆవిడకి మూడేళ్ల కింద ఒకసారి పోయింది. మీ ఇంట్లో రోజూ సాయంత్రం పోతోంది.

అలాగని అబద్ధం ఆడమని నేను చెప్పను. ‘బస్సులో వస్తోందిలే’ లాంటివి వద్దు, మీకు మనసు ఒప్పదు, మీ గొంతులోనే అది తెలిసిపోతుంది. ‘ఆవిడంటే నీకు ఎంత ఇష్టమో కదమ్మా’ అనండి. ‘లాంచీలో ఇద్దరూ ఎక్కడ కూర్చునేవారు?’ అని అడగండి. ‘టిక్కెట్టు ఎంత ఉండేది, చీర తడిసిపోయేది కాదూ?’ అనండి. వీటిలో ఒక్క అబద్ధమూ లేదు. ఆవిడకి కావాల్సింది కబురు కాదు, తోడు. ఆ లాంచీ దగ్గర తన పక్కన ఎవరైనా నిలబడాలి. ఎప్పుడైనా మనసు తేటగా ఉన్న రోజున కళ్లలోకి చూసి ‘అది బతికే ఉందా?’ అని సూటిగా అడిగితే మాత్రం దాటేయకండి. మెల్లగా నిజం చెప్పి, చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చోండి. ఆ రోజు ఇద్దరూ కలిసి ఏడ్చినా పర్వాలేదు.

మీ అన్నయ్యగారు ‘వయసు మీద పడితే అంతే’ అన్నారే, ఆ మాట నేను ఒప్పుకోను. తాళాలు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం వయసు. కన్నకూతుర్ని ఎవరని అడగడం వయసు కాదు. మతిమరుపుకి సరిచేయగల కారణాలూ ఉంటాయి. బీ12 తక్కువైనా, థైరాయిడ్ దెబ్బతిన్నా, ఒంట్లో సోడియం పడిపోయినా మనిషి ఇలా అయిపోవచ్చు. భర్త పోయిన దిగులు మనసులోనే ఉండిపోయి డిప్రెషన్‌గా మారినా ఇలాగే కనిపిస్తుంది. మీ అమ్మగారి విషయంలో ఇది తప్పకుండా చూడాలి. నిద్రమాత్రలూ, జలుబుకీ దురదకీ వాడే కొన్ని మాత్రలూ కూడా పెద్దవాళ్లను అయోమయంలో పడేస్తాయి. చెవుడు ఉందేమో చూడండి. ఈ ఏడాదిలో ఎక్కడైనా పడి తలకి దెబ్బ తగిలిందా అన్నది డాక్టరుకి మరవకుండా చెప్పండి. ఈ వారంలోనే న్యూరాలజిస్టుకి చూపించండి. నిమ్స్‌లోనూ న్యూరాలజీ విభాగం ఉంది. వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఎప్పుడైనా ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లోనే అయోమయం బాగా పెరిగితే ఆగకండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా పెద్దవాళ్లలో అలా జరుగుతుంది.

సాయంత్రాల్లో ఈ తొందర పెరగడం ఇలాంటి జబ్బుల్లో చాలామందిలో చూస్తాం. చీకటి పడక ముందే లైట్లన్నీ వేసేయండి. కాఫీ టీలు మధ్యాహ్నంతో ఆపండి. ఆ వేళకి చేతిలో ఏదో ఒక పని పెట్టండి, చిక్కుడుకాయలకి ఈనెలు తీయడమో, మల్లెలు మాల కట్టడమో. కట్టిన మాల వంకరగా ఉన్నా అదే దేవుడికి వేయండి. ఆవిడ బయల్దేరితే అడ్డం నిలబడకండి. మీరూ చెప్పులేసుకుని అపార్ట్‌మెంట్ చుట్టూ ఒక రౌండ్ కలిసి నడిచి రండి. తిరిగొచ్చేసరికి చాలాసార్లు ఆ తొందర తగ్గుతుంది. ఒంటరిగా బయటికి వెళ్లే ప్రమాదం ఉంది కాబట్టి మీ ఫోన్ నంబరు రాసిన చీటీ ఆవిడ పర్సులో పెట్టండి, తలుపుకి పైన ఇంకో గడియ వేయించండి.

అన్నయ్యగారిని ‘నువ్వూ పట్టించుకో’ అంటే పని జరగదు. పని పేరు పెట్టి అడగండి. మనకి సాయంత్రం ఐదున్నర అంటే డల్లాస్‌లో వేసవిలో ఉదయం ఏడు, చలికాలంలో ఆరు. రోజూ అరగంట ఆ వేళకి వీడియో కాల్ చేసి అమ్మతో గోదావరి ముచ్చట్లు ఆయన మాట్లాడాలి. మధ్యాహ్నం నాలుగు గంటలు ఉండే ఆయా జీతం ఆయన పంపాలి. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి, ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని అమ్మను అడగొద్దని. చుట్టాలకి కూడా. ప్రేమగానే అడుగుతారు, కానీ జవాబు తెలియక ఆవిడ మొహం చిన్నబోతుంది. వచ్చినవాళ్లే ‘నేను ఫలానా’ అని ముందు చెప్పుకుంటే సరిపోతుంది.

మీరు అరుస్తున్నందుకు మిమ్మల్ని నేను తప్పు పట్టను. ఏడాదిగా రాత్రీ పగలూ ఒక్కరే మోస్తున్నారు, ఆఫీసు పని చేస్తూ. ఆయా వచ్చే ఆ నాలుగు గంటల్లో ఒక గంట మీది. పడుకోండి, నడవండి, మీ స్నేహితురాలికి ఫోన్ చేయండి. బాత్‌రూమ్‌లో ఏడుపు వారాల తరబడి ఆగకపోతే మానసిక ఆరోగ్యానికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పెద్దవాళ్ల సంరక్షణ గురించి అడగాలంటే ఎల్డర్‌లైన్ 14567 ఉంది.

చివరగా ఆ కథ. ఎప్పుడూ మధ్యలో ఆపేస్తానని మీరే రాశారు కాబట్టి మీకూ చివర ఏమైందో తెలియదేమో. 1971 ప్రాంతంలో రాజమండ్రి రేవులో ఆఖరి లాంచీ వెళ్లిపోయాక ఇద్దరు ఆడపిల్లలు ఆ రాత్రి ఎవరింట్లో తల దాచుకున్నారు, మర్నాడు కొవ్వూరులో ఎవరికి ఏమని చెప్పారు, ఎవరు తిట్లు తిన్నారు? రేపు సాయంత్రం ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి అడగండి. మీ అబ్బాయినీ పక్కన కూర్చోబెట్టండి, వాడికి అది కొత్త కథ. స్నేహితురాలికి పిల్లలుంటే, వాళ్లకి ఇష్టమైతే, అది వినిపించండి. రెండో సగం వాళ్లమ్మ వాళ్లకి చెప్పే ఉంటుంది. రక్తపరీక్షల రిపోర్టులు వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఆ రాత్రి ఏమైందో కూడా రాయండి.