పెట్టెలోని వేడి, జిగురుకు తగిలే వేడి

ప్రశ్న: పొరలు అంటించి విల్లు చేసుకోవడానికి ప్లైవుడ్‌తో ఆరడుగుల వేడి పెట్టె కట్టుకున్నాను. లోపల థర్మాకోల్ పలకలు అతికించి, ఒక కొసన వంద వాట్ల బల్బులు నాలుగు, వాటికి దగ్గరగా మూత కింద థర్మోస్టాట్ సెన్సర్ అమర్చాను. 80 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి, నాలుగు గంటల తర్వాత తీశాను. బల్బుల వైపున్న లింబు, అంటే పిడికి ఆ పక్కనున్న విల్లు చేయి, బాగానే వచ్చింది. రెండో లింబు అంచుల్లోకి కారిన ఎపాక్సీ జిగురు మాత్రం మర్నాటికి కూడా గోటితో నొక్కితే దిగుతోంది. నారి ఎక్కించగానే పిడి దగ్గర ఫైబర్‌గ్లాస్ పొర విడిపోయింది. థర్మోస్టాట్ తీసేసి, వేడి తేడాను బట్టి కరెంటును కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ ఉండే పీఐడీ కంట్రోలర్ పెట్టుకుంటే వేడి కుదురుకుంటుందా?

జవాబు: కుదురుకోదు. మీ థర్మోస్టాట్ తన పని తాను సరిగ్గానే చేసింది. తన చుట్టూ ఉన్న గాలిని 80 డిగ్రీల దగ్గర ఉంచింది. ఆ గాలి పెట్టె మొత్తంలోకీ వేడైన చోట, అంటే బల్బుల పైన, మూత కింద ఉన్న గాలి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి, ఫ్యాన్ లేని పెట్టెలో అవతలి కొస అడుగున 15, 20 డిగ్రీలు తక్కువ ఉన్నా ఆశ్చర్యపడనక్కరలేదు. ఎంత ఖరీదైన కంట్రోలర్ తెచ్చినా సెన్సర్ అక్కడే వేలాడుతుంటే అదే తప్పును మరింత కచ్చితంగా చేస్తుంది.

జిగురులో కలిపే రెండు భాగాల, అంటే రెసిన్, హార్డెనర్ పాళ్లు తప్పాయేమోనన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. ఒకే గిన్నెలో బాగా కలిపిన జిగురును రెండు లింబులకూ రాసి ఉంటే ఆ అనుమానం అక్కరలేదు. పాళ్లు తప్పితే రెండు వైపులా మెత్తగానే ఉండేది. ఒక వైపు గట్టిపడి ఒక వైపు పడలేదంటే లోపం వేడిలోనే ఉంది.

ఇక పిడి సంగతి. పెట్టెలోని గాలి అరగంటలో వేడెక్కుతుంది గాని, కర్ర అలా వేడెక్కదు. కర్రలోకి వేడి ఎంత నిదానంగా దిగుతుందంటే, పొరలను వంచి బిగించే పది సెంటీమీటర్ల మందపు కర్ర అచ్చు నడిమికి వేడి చేరడానికి మూడు నాలుగు గంటలు సులువుగా పడుతుంది. లింబుల దగ్గర పొరలు పలుచన, కాబట్టి అక్కడి జిగురుకు వేడి త్వరగా తగులుతుంది. పిడి దగ్గర పైన మందపాటి దిమ్మె, కింద అచ్చు ఉండి, మధ్యనున్న జిగురు వేడిని రెండూ పీల్చేసుకుంటాయి. మీరు లెక్కపెట్టిన నాలుగు గంటల్లో అక్కడి జిగురుకు సరైన వేడి తగిలింది బహుశా ఆఖరి గంటలోనే. గడియారం చూడవలసింది బల్బు వేసినప్పటి నుంచి కాదు, అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట జిగురు కోరుకున్న వేడికి చేరినప్పటి నుంచి.

దాన్ని కొలవడం కష్టమేమీ కాదు. విల్లును అసలు పొడవుకన్నా రెండు మూడు అంగుళాలు ఎక్కువగా అంటించి, తర్వాత కొసలు కోసేస్తాం కదా. కోసి పారేసే ఆ కొసలో, రెండు పొరల మధ్య జిగురులోనే, మొన దగ్గరి వేడిని కొలిచే సన్నని కె రకం థర్మోకపుల్ తీగ మొన పెట్టండి. విల్లుతో పాటు అదీ అంటుకుపోతుంది. తీగ ఆ మేరకు పోయినట్టే, కాని అంతకన్నా నిజం చెప్పే కొలత మరొకటి లేదు. పిడి దగ్గర విల్లుకు హాని లేకుండా, అచ్చు పక్క నుంచి మూడు మిల్లీమీటర్ల రంధ్రం తొలిచి, ఆ రంధ్రం కొస పొరలకు నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలో ఆగేలా చేసి, రెండో థర్మోకపుల్ అక్కడ పెట్టండి. మొదటిసారి పావుగంటకొకసారి రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. నేను మొదట కట్టిన పెట్టెలో ఇలా రాస్తుంటే, గాలి 78 చూపుతున్నప్పుడు పిడి కింద 41 ఉంది. అప్పటికి గంటన్నర దాటింది. అంతకుముందు చేసిన రెండు విళ్లు ఎందుకు విడిపోయాయో ఆ కాగితమే చెప్పింది.

ఆ తర్వాత పెట్టెను సరిదిద్దండి. బల్బులను ఒక కొసన గుంపుగా కాకుండా అడుగున పొడవునా సమదూరంలో వేయండి. బల్బుకూ అచ్చుకూ మధ్య రేకు అడ్డం పెట్టండి. లేకపోతే గాలి వేడితో సంబంధం లేకుండా బల్బు ఎదుట ఉన్న కర్ర నేరుగా కాగిపోతుంది. ఒక చిన్న ఫ్యాన్ గాలిని పొడవునా తిప్పాలి. కంప్యూటర్ ఫ్యాన్లు చాలావరకు 60, 70 డిగ్రీలకు మించి పనిచేయడానికి చేసినవి కావు కాబట్టి, మోటారు పెట్టె బయట ఉండి రెక్కలు మాత్రమే లోపల తిరిగే ఏర్పాటు మేలు. నా లెక్కలో వేడి సమంగా పరచుకోవడానికి మీ పెట్టెకు కావలసిన వస్తువు ఇదొక్కటే. పీఐడీ దీని తర్వాతి మాట.

థర్మోస్టాట్ ఐదారు డిగ్రీల ఎగుడుదిగుడుతో బల్బులను వేస్తూ ఆర్పుతూ ఉంటుందని బెంగ పడకండి. గాలి ఊగినంతగా కర్ర ఊగదు. ఆ ఊపు జిగురు దాకా వెళ్లేసరికి డిగ్రీకి మించి మిగలదు. అయినా తగ్గించుకోవాలంటే చవకైన మార్గం ఉంది. ఒకటిన్నర అడుగుల వెడల్పు, అంతే ఎత్తు, అంగుళం మందం మంచి ఇన్సులేషన్ ఉన్న ఆరడుగుల పెట్టెను గది వేడికన్నా 45 డిగ్రీలు ఎక్కువగా నిలపడానికి సుమారు 160 వాట్లు చాలు. కాబట్టి వేడెక్కేదాకా నాలుగు బల్బులూ వేసి, తర్వాత రెండు ఆర్పేస్తే, మిగిలిన రెండూ దాదాపు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. థర్మోస్టాట్ ఎప్పుడో గాని టిక్కుమనదు.

ఎంత వేడి, ఎంతసేపు అన్నది మీ జిగురు తయారీదారు ఇచ్చిన పట్టికే చెప్పాలి. విల్లు తయారీకి వాడే రెండు భాగాల ఎపాక్సీలకు సాధారణంగా 70 నుంచి 80 డిగ్రీల మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు పెడుతుంటారు. ఇదే జిగురు గది వేడిలోనూ గట్టిపడుతుంది కదా, ఇంత హంగామా ఎందుకని కొందరు అడుగుతుంటారు. గది వేడిలో గట్టిపడిన ఎపాక్సీ, ఆ వేడికి కొద్ది డిగ్రీలు పైకి వెళ్లగానే మళ్లీ మెత్తబడడం మొదలుపెడుతుంది. ఎండలో తలుపులు మూసి నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు దాటవచ్చు. వెనక సీటు మీద ఉన్న విల్లు అక్కడే విడిపోవచ్చు. ఇదే కారణంగా, సమయం పూర్తయ్యాక విల్లును వేడి మీద అచ్చు నుంచి తీయకూడదు. బల్బులు ఆర్పి, మూత తెరవకుండా, చేతికి గోరువెచ్చగా తగిలేదాకా బిగింపులోనే వదిలేయాలి. తొందరపడితే, ఇంకా మెత్తగా ఉన్న జిగురులో పొరలు జారి, వంపు కొంత విప్పుకుపోతుంది.

మీ పెట్టెలో నన్ను భయపెట్టినవి కొన్ని ఉన్నాయి. థర్మాకోల్ 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, సులువుగా అంటుకుంటుంది. దాన్ని తీసేసి రాతి ఉన్ని గాని, రేకు అతికిన పాలీఐసో (వేడిని ఆపే గట్టి నురగ) పలక గాని పెట్టండి. సాధారణ పీవీసీ తీగకు 70 డిగ్రీలే హద్దు కాబట్టి లోపలి తీగలకు సిలికాన్ తొడుగు, బల్బులకు పింగాణీ హోల్డర్లు ఉండాలి. థర్మోస్టాట్ లోపలి స్విచ్ వేసినట్టే అతుక్కుపోయిందనుకోండి, నాలుగు వందల వాట్లు ఆగకుండా వెలిగితే ఈ పెట్టె లోపల 130 డిగ్రీలు కూడా దాటగలదు. పీఐడీతో వాడే ఎలక్ట్రానిక్ స్విచ్, అంటే సాలిడ్ స్టేట్ రిలే కూడా పాడైనప్పుడు చాలాసార్లు కరెంటు ఆపకుండా వదిలేస్తుంది. అందుకే కంట్రోలర్ ఏదైనా, దానితో సంబంధం లేకుండా 95 డిగ్రీల దగ్గర కరెంటు తెంపే థర్మల్ కటాఫ్ ఒకటి బల్బుల లైనులోనే వరుసగా ఉండి తీరాలి. పెట్టె నడుస్తున్నంతసేపూ మనిషి దగ్గర్లో ఉండాలి.

విడిపోయిన విల్లు వేడితో అతుక్కోదు. ఇలాగే మెత్తగా వచ్చి, ఎక్కడా విడిపోని విల్లయితే మాత్రం నారి ఎక్కించకుండా మళ్లీ అచ్చులో బిగించి, ఈసారి పిడి దగ్గర కొలుస్తూ వేడి పెడితే దక్కే అవకాశం ఉంది.

ప్రశ్న: పొరలను అదిమిపట్టడానికి అచ్చులో ఉంచిన గాలి గొట్టంలో 60 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్లలో ఒత్తిడి) నింపి పెట్టెలో పెడుతున్నాను. రెండు గంటలయ్యేసరికి గేజీ 70 దాటుతోంది. గేజీ పాడైందా?

జవాబు: గేజీ బాగానే ఉంది. గొట్టంలో మూసి ఉన్న గాలి వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. 27 డిగ్రీల దగ్గర నింపి 77కు వేడి చేస్తే, కెల్విన్ లెక్కలో అది 300 నుంచి 350, అంటే ఆరో వంతు పెరుగుదల. గేజీ చూపే 60కి వాతావరణ ఒత్తిడి 14.7 కలిపి, ఆరో వంతు పెంచి, మళ్లీ 14.7 తీసేస్తే 72 వస్తుంది. వేడెక్కిన మొదటి గంటలో జిగురు గట్టిపడడానికి ముందు నీళ్లలా పలుచనవుతుంది. అప్పుడు ఒత్తిడి ఎక్కువైతే పొరల మధ్య నుంచి కారిపోయి, అతుకు జిగురు చాలక మిగులుతుంది. చల్లగా ఉన్నప్పుడు 50 నింపితే వేడి మీద 60కి వస్తుంది. చల్లారాక గేజీ మొదట నింపిన అంకెకే తిరిగి రావాలి. అంతకన్నా తగ్గితే ఎక్కడో గాలి పోతోంది.

ప్రశ్న: ఒకే కర్రతో చెక్కే విల్లు కోసం పచ్చి దుంగ ముక్కను ఇదే పెట్టెలో ఆరబెట్టవచ్చా?

జవాబు: పచ్చిదాన్ని నేరుగా పెట్టకండి, పగులుతుంది. రెండు కొసలకూ జిగురు పూసి, నీడన కొన్నాళ్లు ఆరనిచ్చి, విల్లు ఆకారానికి దగ్గరగా చెక్కాక పెట్టండి. అప్పుడు కూడా 35, 40 డిగ్రీలు దాటకూడదు. ఒక్క బల్బు చాలు. తేమ బయటికి పోవడానికి అడుగున, పైన రంధ్రాలు తెరిచి ఉంచాలి. రోజూ ఒకే వేళకు తూకం వేసి కర్ర మీదే పెన్సిలుతో రాయండి. మూడు రోజులు వరుసగా బరువు మారకపోతే ఆ పెట్టెలో ఆరవలసినంత ఆరినట్టు. ఆ స్థితిలో కర్ర అతిగా ఎండి పెళుసుగా ఉండవచ్చు కాబట్టి, వెంటనే వంచకుండా ఒక వారం గదిలో వదిలేసి, కొంత తేమ తిరిగి పట్టాక పని మొదలుపెట్టండి.