షాపు తర్వాత, ముందు రోజుకు రెండు బ్లౌజులు

ప్రశ్న: నా వయసు 29. తెనాలిలో ఒక బొటిక్‌లో టైలర్‌గా చేస్తున్నాను, జీతం 14 వేలు. సాయంత్రాలు ఇంట్లో లైనింగ్ బ్లౌజులు కుడితే ఇంకో 5,500 దాకా మిగులుతుంది. బ్లౌజుకు 450 తీసుకుంటాను, అందులో లైనింగు, దారం, హుక్కులకు వంద పోతుంది. మావారు ఎలక్ట్రీషియన్. పని ఉన్న నెల 18 వేలు తెస్తారు, లేని నెల అందులో సగమే. ఇల్లు సొంతమే, ఇంటి ఖర్చు 25 వేలు. బ్యాంకులో 90 వేలు, 40 గ్రాముల బంగారం ఉన్నాయి. లక్ష రూపాయల చీటీ 20 నెలలది, 11 వాయిదాలు కట్టాను. సొంత షాపు పెట్టాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. మెయిన్ రోడ్డులో ఒకటి చూశాం, అడ్వాన్సు 60 వేలు, అద్దె 7 వేలు. తెలిసినాయన 3 లక్షల సబ్సిడీ లోను ఇప్పిస్తానన్నాడు. లక్ష మాఫీ అవుతుందట, ముందుగా 10 వేలు ఖర్చులకు ఇవ్వమంటున్నాడు. లోను కోసం ఆగాలా, చీటీ పాడేయాలా, బంగారం పెట్టాలా?
– ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: మూడూ వద్దమ్మా. ముందు ఆ 10 వేలు ఇవ్వకండి. ఆయన చెబుతున్నది పీఎంఈజీపీ గురించి అయ్యుంటుంది, అంటే సొంత ఉపాధికి సబ్సిడీతో రుణమిచ్చే కేంద్ర పథకం. అందులో పట్టణంలో మహిళలకు వచ్చే సబ్సిడీ 25 శాతం. తెనాలి మున్సిపాలిటీ కాబట్టి 3 లక్షల మీద 75 వేలే, లక్ష రాదు. అదీ చేతికివ్వరు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంచి, షాపు నిజంగా నడుస్తోందని చూశాకే లోనులో సర్దుతారు. దరఖాస్తుకు మధ్యవర్తి అవసరమే లేదు.

అసలు మీరు వ్యాపారం ఇంకా మొదలుపెట్టలేదని అనుకుంటున్నారు. నెలకు పదహారు బ్లౌజులు సొంత కస్టమర్లకు కుడుతున్నారంటే అప్పుడే మొదలుపెట్టేశారు. మిమ్మల్ని నాలుగేళ్లు ఆపింది డబ్బు కాదేమో అని నా అనుమానం, షాపు ఉంటేనే వ్యాపారం అన్న లెక్క ఆపింది. ఆ లెక్క ఒకసారి కాగితం మీద వేద్దాం.

ఒక బ్లౌజు మీద మీకు మిగిలేది 350. జీతం, సాయంత్రం ఆదాయం కలిపి ఇప్పుడు 19,500 వస్తోంది. ఉద్యోగం మానేసి ఇంట్లోనే కుడుతూ అంతే సంపాదించాలంటే నెలకు 56 బ్లౌజులు, అంటే ఆదివారాలు పోను రోజుకు రెండు పైచిలుకు. షాపు తీసుకుంటే అద్దె 7 వేలు, కరెంటు ఓ 800 అనుకున్నా దానికే 22 బ్లౌజులు కావాలి. మొత్తం 78, రోజుకు మూడు. మీ చేతి వేగానికి మూడు కుట్టడం కష్టం కాదు. కానీ మూడు ఆర్డర్లు వస్తాయా? శ్రావణంలో, పెళ్లి ముహూర్తాల్లో అయితే వద్దన్నా వస్తాయి. ఆషాఢంలో, మూఢం వచ్చినప్పుడు? షాపు ఓనరుకు మూఢం ఉండదు, ఒకటో తారీఖున అద్దె అడుగుతాడు. ఇప్పుడున్న పదహారు నుంచి ఒక్కసారిగా 78కి దూకడం కంటే, ఇంటి దగ్గరే 50 దాటించి చూడటం నయం.

దానికి నేను చెప్పే మొదటి పని కాస్త ఇబ్బందిగా అనిపిస్తుంది. మీ బొటిక్ ఓనర్‌తో మాట్లాడండి. జీతం బదులు పీస్ లెక్కన పని ఇవ్వమని అడగండి, ఇంటికి తెచ్చుకుని కుట్టి ఇస్తానని చెప్పండి. సీజన్‌లో చేతులు చాలక బయటికి ఇచ్చే బొటిక్‌లు చాలానే ఉన్నాయి కాబట్టి ఒప్పుకునే అవకాశం ఉంది. ఆమె కాదంటే ఊళ్లో ఇంకో రెండు చోట్ల అడగండి, ఖాయమయ్యాకే జీతం వదలండి. ఆమె కస్టమర్ల ఫోన్ నంబర్లు రాసుకుని బయటికి రావడం మాత్రం చేయకండి. మన ఊళ్లలో ఇలాంటివి వారంలో తెలిసిపోతాయి, పైగా రేపు మీకు పని పంపాల్సింది ఆమే.

రెండోది, డబ్బు తీసుకునే పద్ధతి. బ్లౌజు డబ్బులు పోపుల డబ్బాలోకి వెళ్లకుండా, మీ పేరున ఉన్న ఖాతాకు క్యూఆర్ పెట్టించి అందులోకే తీసుకోండి. ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో రోజూ 450, 900 అంటూ జమలు కనబడితే బ్యాంకు మేనేజరుకు మీరు నోటితో చెప్పాల్సింది తక్కువ. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) కూడా ఆధార్‌తో ఆన్‌లైన్‌లో చేసుకోండి, అది పూర్తిగా ఉచితం.

ఇక లోను. మీకు సరిపోయేది పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో టైలరింగ్ ఉంది. జీతానికి కాకుండా సొంతంగా పని చేసుకునే వాళ్లకు ఇస్తారు, అందుకే పీస్ వర్కులోకి మారాక దరఖాస్తు పెట్టమంటున్నాను. అయిదు నుంచి ఏడు రోజుల శిక్షణ, ఆ రోజులకు రోజుకు 500 భత్యం, పనిముట్లకు 15 వేల వోచర్, ఆ తర్వాత హామీ లేకుండా లక్ష దాకా రుణం. వడ్డీ 5 శాతం, 18 నెలల్లో తీర్చాలి, వాయిదా సుమారు 5,800 పడుతుంది. కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారేమో కనుక్కోండి. ఇంట్లో ఎవరైనా ప్రభుత్వ ఉద్యోగి ఉంటే కుదరదు.

ఇక్కడ చాలామంది తెలియక దెబ్బతినే విషయం ఒకటుంది. గత అయిదేళ్లలో పీఎంఈజీపీ రుణం తీసుకున్న వాళ్లకు విశ్వకర్మ రాదు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్రా రుణం తీసుకుంటే అది పూర్తిగా తీర్చేదాకా రాదు. కాబట్టి వరుస ముఖ్యం: ముందు 5 శాతం రుణం, అది సరిపోకపోతేనే ముద్రా. ముద్రాలో శిశు రకం కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా ఇస్తారు.

90 వేలు ముట్టుకోకండి, అది మీ మూడున్నర నెలల ఇంటి ఖర్చు. అందులోంచి అడ్వాన్సు ఇస్తే నెల ఖర్చుకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. చీటీ ఇప్పుడు పాడితే పాటలో ఓ 15 వేలు వదులుకున్నారనుకున్నా చేతికి వచ్చేది 85 వేలే, తొమ్మిది వాయిదాలు మాత్రం కడుతూనే ఉండాలి. చివరిదాకా ఉంచండి. బంగారం మాట ఇప్పుడు ఎత్తనే వద్దు.

మీవారు స్తంభాలు, నిచ్చెనలు ఎక్కే మనిషి అని మీరు రాయకపోయినా ఎలక్ట్రీషియన్ అంటే అదే కదా. ఆయన ఖాతాలో ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాదానికి 2 లక్షలు), 436 రూపాయల జీవనజ్యోతి (ఏ కారణంతో మరణించినా 2 లక్షలు) రెండూ ఈ వారమే పెట్టించండి.

తొమ్మిది నెలలకు చీటీ చేతికొస్తుంది. అప్పటికి వరుసగా నాలుగు నెలలు, అందులో ఒకటైనా డల్ నెల ఉండేలా, 50 బ్లౌజులు దాటి ఉంటే షాపు చూడండి. మెయిన్ రోడ్డే అక్కర్లేదు, బ్లౌజు కొలతలకు వచ్చేవాళ్లు పక్క సందులోకైనా వస్తారు. అడ్వాన్సు ఎప్పుడు, ఎంత తిరిగి ఇస్తారో అగ్రిమెంట్‌లో రాయించుకున్నాకే డబ్బు ఇవ్వండి.