హీత్రూ పక్కన ధాన్యపు కొట్టం

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు లండన్‌లో హౌన్‌స్లో దగ్గర ఉంటారు. వాళ్లతో కలిసి హీత్రూ విమానాశ్రయం పక్కనే ఉన్న హార్మండ్స్‌వర్త్ అనే ఊరికి వెళ్లినప్పుడు, చర్చి దగ్గర చాలా పెద్ద చెక్క కట్టడం చూశాం. పూర్వం ధాన్యం దాచేవారట. అంత చిన్న ఊరికి అంత పెద్ద కొట్టం ఎందుకు? విమానాశ్రయాన్ని విస్తరిస్తే దాన్ని పడగొడతారా?
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: మీరు చూసిన కొట్టం ఊరి రైతులది కాదు, భూస్వామిది. ఇంగ్లండును జయించిన నార్మన్ రాజు విలియం ఈ గ్రామాన్ని ఫ్రాన్సులోని రూఆన్ పట్టణపు మఠానికి ఇచ్చాడు. వించెస్టర్ బిషప్ విలియం ఆఫ్ వైకమ్ 1391లో దానిని కొని, తాను నెలకొల్పిన వించెస్టర్ విద్యాలయానికి రాబడి కోసం రాసిచ్చాడు. మన దేవాలయాలకు మాన్యాలు ఉండేవే, అలాంటి ఏర్పాటు. ఆ విద్యాలయమే సొంత సాగు పంటను భద్రపరచడానికి 1425-27 ప్రాంతంలో ఈ కొట్టం కట్టించింది.

సుమారు 58 మీటర్ల పొడవు, 11 మీటర్ల ఎత్తు గల ఈ కట్టడంలో నేటికీ అత్యధిక భాగం ఆనాటి ఓక్ కలపే. వానలు ఎక్కువైన ఆ దేశంలో ఆరుబయట కళ్లం వేసి నూర్చే వీలు తక్కువ కనుక, పనలను లోపలే వామి వేసి, చలికాలమంతా అక్కడే నూర్చుకునేవారు. బళ్లు లోపలికి రావడానికీ, తూర్పారబట్టేటప్పుడు గాలి ఆడడానికీ పెద్ద తలుపులు పెట్టారు. ఇరువైపులా స్తంభాల వరుసలతో, మధ్యలో ఎత్తైన నడవతో ఉన్న ఆ లోపలి భాగాన్ని చూసే, కవి జాన్ బెట్జమన్ దీనిని మిడిల్‌సెక్స్ (ఈ ఊరున్న పాత జిల్లా) కెథడ్రల్, అంటే మహా చర్చి, అన్నాడు. ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు.

ఈ ఊరికి కలిమీ ముప్పూ రెండూ నేల వల్లనే వచ్చాయి. బల్లపరుపుగా ఉన్న ఆ సారవంతమైన భూముల్లో తరువాతి కాలంలో పండ్లతోటలు, కూరగాయల మడులు వెలిసి లండన్ సంతలకు సరుకు పంపాయి. కాక్స్ ఆరెంజ్ పిపిన్ అనే ప్రసిద్ధ ఆపిల్ రకాన్ని పొరుగున ఉన్న కోల్న్‌బ్రూక్‌లో పెంచిన రిచర్డ్ కాక్స్ సమాధి ఈ చర్చి ఆవరణలోనే ఉంది. నేల చదునుగా ఉండడం వల్లనే 1784లో విలియం రాయ్ అనే సైనికాధికారి బ్రిటన్ భూసర్వేకు ఆధారరేఖను, అంటే మిగతా కొలతలన్నిటికీ ఆధారమయ్యే తొలి సరళరేఖను, ఇక్కడ హీత్రూ దగ్గర మొదలుపెట్టి, ఐదు మైళ్లకు పైగా కొలిచాడు.

హీత్రూ అప్పట్లో ఇదే పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం)లోని ఒక చిన్న పల్లె. 1944లో యుద్ధావసరమని చెప్పి ప్రభుత్వం ఆ పల్లెను తీసుకుని నేలమట్టం చేసింది. యుద్ధం ముగిశాక 1946లో అక్కడే పౌర విమానాశ్రయం మొదలైంది. అసలు ఉద్దేశం మొదటినుంచీ పౌర విమానాశ్రయమేనని, సుదీర్ఘ విచారణలను తప్పించుకోవడానికే యుద్ధకాలపు అధికారాలను వాడామని నాటి వైమానిక శాఖ ఉపమంత్రి హెరాల్డ్ బాల్‌ఫర్ తరువాత స్వయంగా రాశాడు. పల్లెవాసుల పట్ల ఇది న్యాయమని చెప్పడం కష్టం.

ఇక మీ రెండో ప్రశ్న. కొంతకాలం ఆలనాపాలనా లేక దెబ్బతిన్న ఈ కొట్టాన్ని చారిత్రక కట్టడాలను కాపాడే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ 2011-12లో 20,000 పౌండ్లకు కొని మరమ్మతు చేయించింది. దీనికి అత్యున్నతమైన గ్రేడ్ 1 చట్టరక్షణ కూడా ఉంది. 2018లో పార్లమెంటు సమ్మతించిన విధానానికి ఆధారమైన మూడో రన్‌వే ప్రణాళికలో కొట్టం, చర్చి విమానాశ్రయపు హద్దుకు కాస్త అవతల మిగులుతాయి. ఊళ్లోని ఇళ్లలో చాలా భాగం మాత్రం హద్దు లోపలే పడతాయి.