పిన్ని మెచ్చుకోలు

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 56 కిలోలు. చీమకుర్తిలో ఒక పెళ్లికి వెళ్తే మా చెల్లెలు దాన్ని చూసి "ఇంకో పది కిలోలు తగ్గావంటే అచ్చం హీరోయినే" అంది. అప్పటి నుంచి రాత్రిపూట అన్నం ముట్టడం లేదు. ఎంతసేపూ హీరోయిన్ల రీల్స్, లేదంటే అద్దం. నాకు టెన్షన్‌గా ఉంది. ఆ రీల్స్ ఎలా మాన్పించాలి?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: రీల్స్ సంగతి తర్వాత. ముందు మీ చెల్లెలితో మాట్లాడండమ్మా. తెర మీద హీరోయిన్లను మీ అమ్మాయి చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉంది, అన్నం మానలేదు. పిన్ని ముద్దుగా అన్న మాటకు మానేసింది. తిట్టి ఉంటే పోట్లాడేది. మెచ్చుకుంటే ఏమంటుంది పాపం!

మీరు రాసిన కొలతలతో బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 22.4 వస్తుంది. మన దేశంలో డాక్టర్లు 23 లోపు మామూలే అంటారు. పిన్ని చెప్పినట్టు పది కిలోలు తగ్గితే 18.4. 18.5 కంటే దిగితే ఉండాల్సిన బరువు లేనట్టే. ఈ లెక్క మీ చెల్లెలికి చెప్పండి. "మంచికే అన్నానక్కా" అంటుంది, అననివ్వండి.

సినిమావాళ్లకు ఒళ్లు వృత్తిలో భాగం. 2015లో 'సైజ్ జీరో' కోసం అనుష్క బరువు పెరిగారు. పెరగడానికైనా తగ్గడానికైనా వాళ్లకు ట్రైనర్లుంటారు, ఆపైన లైటింగ్, మేకప్. మీ అమ్మాయికి ఉన్నది పొద్దున్నే కాలేజీ బస్సు.

సన్నగా ఉంటేనే పేరొస్తుందని ఎక్కడా లేదు. శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. మీ ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టిన భానుమతి నటించారు, పాడారు, కథలు రాశారు, 1953లో 'చండీరాణి'కి దర్శకత్వం వహించారు. ఆవిడ పేరెత్తితే మా నెల్లూరులో పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ గొంతు, ఆ దర్జా గురించే చెప్పుకుంటారు. అయితే ఇవన్నీ కూర్చోబెట్టి పాఠంలా చెప్పకండి, ఆ వయసులో ఎవరూ వినరు.

రాత్రి అందరూ కలిసి తినండి. కంచంలో ఎంత పెట్టుకుందో చూడకండి. "చిక్కిపోయావే" అని కూడా అనొద్దు, ఇప్పుడు అది దానికి మార్కులు వేసినట్టు ఉంటుంది. నెలసరి తప్పినా, కళ్లు తిరుగుతున్నా, తిన్నది చాటుగా కక్కేస్తోందని అనుమానం వచ్చినా ఆలస్యం చేయకండి. డాక్టర్‌కి చూపించి రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత. మానసిక వైద్యుల్ని కలవమంటే, నలుగురికీ తెలుస్తుందని వెనకాడకండి.