ఇమ్యూనిటీ పెంచమని నాకు మాత్రం చెప్పకండి

"ఇమ్యూనిటీ బలంగా ఉంటే జబ్బులు రావంటారు, మళ్లీ ఆ ఇమ్యూనిటీ వల్లే జబ్బులొస్తాయనీ అంటారు, ఏది నిజం?" అని అడిగారు. రెండోది. కావాలంటే నా చేతులు చూడండి.

ఆరేళ్ల కింద ఒకరోజు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోబోతే వేళ్లు వంగలేదు. నొప్పి అనడం కంటే, రాత్రికి రాత్రి కణుపుల్లో ఎవరో బంక పోసినట్టుంది. వేళ్ల మొదళ్లు ఉబ్బి, ముట్టుకుంటే వెచ్చగా ఉన్నాయి. పేస్టు ట్యూబు మూత పళ్లతో తీశాను. పదిన్నరకల్లా వేళ్లు మామూలుగానే కదిలాయి కాబట్టి ఎవరికీ చెప్పలేదు, అలా నాలుగు నెలలు పోయాయి. మధ్యలో చూసిన ఒక డాక్టరు టైపింగ్ ఎక్కువైందని కాల్షియం మాత్రలు రాసి పంపించారు. కీళ్లు అరిగితే వాడేకొద్దీ నొప్పి పెరుగుతుంది, కానీ పొద్దున లేవగానే గంటకు పైగా బిగుసుకుపోయి కదిలించేకొద్దీ వదులైతే అది వేరే కథ. పొద్దున ఎంతసేపు బిగుసుకుంటున్నాయి అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది!

చివరికి రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం డాక్టరు, నా పిడికిలిని మెల్లగా నొక్కి, నేను కెవ్వుమన్నాక, అప్పుడు రక్తపరీక్షలు రాశారు. సీఆర్‌పీ 48, ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ. ఒంట్లో ఎక్కడో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉందని లివర్ వదిలే ప్రొటీన్ అది, ఎక్కడన్నది మాత్రం చెప్పదు. సొంత ఒంటి మీదికే తిరగబడ్డ యాంటీబాడీలను పట్టే యాంటీ సీసీపీ పరీక్ష కూడా పాజిటివ్ రావడంతో రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. అంటే క్రిముల మీదికి వెళ్లాల్సిన కణాలు నా కీళ్ల లోపలి పల్చటి పొర మీద పడ్డాయి, టీఎన్‌ఎఫ్ లాంటి రసాయనాలు వదులుతూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకున్నాయి, ఆ పొర దళసరెక్కి పక్కనున్న ఎముకను తినడం మొదలుపెట్టింది. వీటికి శక్తి తక్కువా? ఆపడం తెలియదు, అంతే.

గాయమైతే ఎర్రబడి వాయడం మంచిదే, కాదనను. కానీ కోవిడ్ ముదిరి వెంటిలేటర్ మీదున్నవాళ్లను ఏది కాపాడింది? 2020లో బ్రిటన్ చేసిన ‘రికవరీ’ అనే ట్రయల్‌లో డెక్సామెథసోన్ ఇస్తే వాళ్లలో మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. అది ఇమ్యూనిటీని అణిచే మందు. అదే ఏడాది నా ఫోను నిండా ఇమ్యూనిటీ బూస్టర్ల ఫార్వర్డులే.

ఇప్పుడు నేనూ ఇమ్యూనిటీని అణిచే మందే వాడుతున్నాను: మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే (రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది, దయచేసి గుర్తుంచుకోండి), దానికి తోడు ఫోలిక్ యాసిడ్, లివర్ కోసం అప్పుడప్పుడూ పరీక్షలు. గుణం కనబడటానికి రెండు నెలలు పట్టింది. ఎడమ చూపుడువేలు కొద్దిగా పక్కకు ఒరిగింది, అది ఇక తిరిగి రాదట. మొన్న మా చెల్లి ఎంతో ప్రేమగా ఇమ్యూనిటీ బూస్టర్ డబ్బా ఒకటి తెచ్చిచ్చింది. పొడి వాడలేదు గానీ, మూత నేనే తిప్పి తీశాను.