వాలెట్‌లో చైన్ పేరు చూడకుండా ఏదీ నొక్కకు

చిరంజీవికి మావయ్య ఆశీస్సులు.

ఈథీరియం, బీఎన్‌బీ చైన్, పాలిగాన్, ట్రాన్, సొలానా, బిట్‌కాయిన్ అనే క్రిప్టో చైన్లన్నీ ఒకే వాలెట్ యాప్‌లో పెట్టుకున్నానని రాశావు. ఒక్క సంగతి మొదటే మనసులో నాటుకో. యాప్ అన్నిటినీ కూడి ఒకే మొత్తంగా చూపిస్తుంది గానీ, అవి ఒకదాని ముఖం ఒకటి ఎరగని వేర్వేరు ఖాతా పుస్తకాలు. ఒక పుస్తకంలో ఉన్న డబ్బు రెండో పుస్తకానికి తెలియదు. మూల తాళంచెవి మాత్రం అన్నిటికీ ఒకటే.

ఆ తాళంచెవే సీడ్ ఫ్రేజ్. యాప్ ఇచ్చే 12 లేదా 24 పదాలు 2048 పదాల స్థిరమైన జాబితాలోంచి వస్తాయి. కాగితం మీద వరస అంకెలు వేసి రాసుకో. వాటిలోనే సరిచూసుకునే భాగం కొంత ఇమిడి ఉంటుంది కాబట్టి పదం తప్పు కొడితే యాప్ సాధారణంగా ఒప్పుకోదు. అయితే 12 పదాల ఫ్రేజ్‌లో ఆ భాగం 4 బిట్లే, అంటే 16 రకాలే. ఒక పదం బదులు జాబితాలోని మరో పదం పడితే, దాదాపు 16 సార్లలో ఒకసారి అది చెల్లిపోయి వేరే ఖాళీ వాలెట్ తెరుచుకుంటుంది. డబ్బంతా పోయిందని గుండె ఆగినంత పనవుతుంది.

అందుకని పైసా వేయకముందే పరీక్షించు. ప్రతి చైన్‌లోని నీ అడ్రసూ (డబ్బు అందుకునే ఖాతా సంఖ్య లాంటిది) రాసుకుని, యాప్ తీసేసి, మళ్ళీ ఎక్కించి, కాగితం చూసి పదాలు కొట్టు. అడ్రస్‌లన్నీ ముందటివేనా అని పోల్చు. ఒక్క చైన్ చూసి ఊరుకోకు. అవే పదాల నుంచి ఒక్కో చైన్‌కి తాళంచెవి తీసే దారి వేరు, దాన్ని డెరివేషన్ పాత్ అంటారు. ఈథీరియం దారిలో 60, ట్రాన్ దారిలో 195, సొలానా దారిలో 501 అనే అంకెలుంటాయి. ఆ తర్వాతి భాగం యాప్‌ని బట్టి మారవచ్చు. అందువల్లే అవే పదాలు వేరే యాప్‌లో కొడితే ఈథీరియం ఖాతా సరిగ్గా కనబడి, సొలానా ఖాతా ఖాళీగా కనబడటం జరుగుతుంది. పదాల పక్కన యాప్ పేరు, డెరివేషన్ పాత్ కూడా రాసిపెట్టు.

ఫోటో వద్దు, స్క్రీన్‌షాట్ వద్దు, నోట్స్‌లో దాచుకోవద్దు, నీకు నువ్వే మెయిల్ పంపుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో సైబర్ భద్రతా సంస్థ కాస్పర్‌స్కీ పరిశోధకులు బయటపెట్టిన స్పార్క్‌క్యాట్ అనే దొంగ ప్రోగ్రామ్ (మాల్‌వేర్) గ్యాలరీ బొమ్మల్లోని అక్షరాలు చదివి మరీ సీడ్ ఫ్రేజ్‌లు వెతికేది. అది దాగిన యాప్‌లు గూగుల్ ప్లేలోనూ, యాపిల్ యాప్ స్టోర్‌లోనూ దొరికాయి.

యాప్‌లో రెండో అకౌంట్ తెరవగానే వేరే వాలెట్ అయిపోయిందనుకోకు. అదీ ఆ పదాల్లోంచి పుట్టిందే. ఒక అకౌంట్‌లో సైట్‌కి ఇచ్చిన అనుమతి రెండోదాన్ని తాకదు, అంతవరకు మేలే. పదాలు లీకైతే మాత్రం అన్ని అకౌంట్లూ, అన్ని చైన్లూ ఒకేసారి ఊడ్చుకుపోతాయి. కాబట్టి దాచుకునే డబ్బుకి హార్డ్‌వేర్ వాలెట్ (తాళంచెవిని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచే విడి పరికరం), దానికి వేరే పదాలు. రోజువారీ వాడకానికి ఫోన్ యాప్. కొత్త సైట్లు చూడటానికి మరో సీడ్‌తో చిన్న వాలెట్, అందులో పోయినా బాధలేనంతే. హార్డ్‌వేర్ వాలెట్ పదాలు ఫోన్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ ఒక్కసారి కొట్టావా, ఆ పరికరం కొన్న లాభం అక్కడితో పోయినట్టే.

ఇక పంపడం, తీసుకోవడం. ఈథీరియం, బీఎన్‌బీ చైన్, పాలిగాన్, ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, బేస్ అన్నిటిలో నీ అడ్రస్ ఒకటే, సున్నా, ఎక్స్‌తో మొదలయ్యే 42 అక్షరాలు. ట్రాన్ అడ్రస్ టీతో మొదలై 34 అక్షరాలుంటుంది. ట్రాన్, సొలానా, బిట్‌కాయిన్ అడ్రస్‌లు రూపంలోనే వేరు కాబట్టి పొరపాటు పడితే యాప్ ఆపుతుంది. ఒకేలా ఉండే అడ్రస్‌ల మధ్యే అసలు ప్రమాదం, అక్కడ యాప్ నోరు మెదపదు. ఈథీరియం మీద పంపాల్సిన యూఎస్‌డీటీని (డాలర్ విలువకి కట్టిన టోకెన్, అంటే చైన్ మీద నడిచే నాణెం లాంటిది) బీఎన్‌బీ చైన్ మీద పంపావనుకో. గమ్యం నీ సొంత వాలెట్ అయితే కంగారు వద్దు, ఆ నెట్‌వర్క్‌కి (చైన్‌నే అలా అంటారు) మారి టోకెన్ కాంట్రాక్ట్ (ఆ టోకెన్ లెక్కలు నడిపే, చైన్ మీది ప్రోగ్రామ్) అడ్రస్ చేరిస్తే కనబడుతుంది. ఎక్స్ఛేంజ్ (క్రిప్టో కొని అమ్మే సంస్థ) డిపాజిట్ అడ్రస్ అయితే తాళంచెవి వాళ్ళ దగ్గరుంటుంది, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ళ ఇష్టం. టోకెన్ కాంట్రాక్ట్‌కే పంపేస్తే సాధారణంగా తిరిగిరాదు.

కాంట్రాక్ట్‌తో నడిచే మల్టీసిగ్ వాలెట్ (కొందరి సంతకాలు కలిస్తేనే డబ్బు కదిలేది) సంగతి ఇంకా సున్నితం. 2022లో ఆప్టిమిజం ఫౌండేషన్ 2 కోట్ల ఓపీ టోకెన్లను వింటర్‌మ్యూట్ అనే క్రిప్టో వ్యాపార సంస్థ ఇచ్చిన అడ్రస్‌కి పంపింది. ఆ మల్టీసిగ్ ఈథీరియం మీద ఉంది గానీ ఆప్టిమిజం మీద ఇంకా లేదు. వేరెవరో ముందుగా అక్కడ ఆ అడ్రస్‌కి కాంట్రాక్ట్ నిలబెట్టి టోకెన్లు చేజిక్కించుకున్నారు. తర్వాత చాలాభాగం తిరిగొచ్చిందనుకో, అది అదృష్టం. నిపుణులే తప్పించుకోలేకపోయారు, అడ్రస్ ఒకటే కదా అన్న ధీమా నీకు వద్దు.

ఎక్స్ఛేంజ్‌కి పంపేటప్పుడు నెట్‌వర్క్ పేరు రెండు వైపులా పోల్చు. ఎక్స్‌ఆర్‌పీ, స్టెల్లార్ లాంటివాటికి ట్యాగ్ లేదా మెమో అడిగితే వదిలెయ్యకు, అది లేకుంటే డబ్బు ఎవరిదో వాళ్ళకి తెలియదు. ముందు చిన్న మొత్తం పంపు, చేరాక మిగతాది. ఫీజు ఆ చైన్ సొంత నాణెంలోనే కట్టాలి. ట్రాన్‌లో యూఎస్‌డీటీ ఎంతున్నా టీఆర్‌ఎక్స్ లేకపోతే సాధారణంగా కదలదు, పాలిగాన్‌కి పీఓఎల్, ఆర్బిట్రమ్‌కి, బేస్‌కి ఈథర్ (ఈథీరియం నాణెం). వాడే ప్రతి చైన్‌లో కాస్త ఉంచుకో.

అడ్రస్ ఎప్పుడూ పాత లావాదేవీల జాబితాలోంచి కాపీ చెయ్యకు. దొంగలు మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు నీకు తెలిసిన అడ్రస్‌లా ఉండేలా ఒకటి తయారుచేసి, దాన్నుంచి సున్నా మొత్తం పంపి నీ జాబితాలో జొరబడతారు. 2024 మేలో ఒకరు ఇలాగే 1155 డబ్ల్యూబీటీసీ (బిట్‌కాయిన్ విలువ గల టోకెన్లు) పంపేశారు. అడ్రస్ బుక్ పెట్టుకుని, మధ్య అక్షరాలు కూడా చదువు.

అన్నిటికన్నా నాకు భయం సంతకాల దగ్గర, అంటే వాలెట్ అడిగినదానికి సరేనని నొక్కే దగ్గర. సైట్‌కి వాలెట్ కనెక్ట్ చేస్తే అది అడ్రస్, బ్యాలెన్స్ చూడగలదంతే. అప్రూవ్ నొక్కితే మాత్రం నీ ఖాతాలోని ఆ టోకెన్ తీసుకునే హక్కు ఆ కాంట్రాక్ట్‌కి ఇచ్చినట్టు. చాలా సైట్లు హద్దులేని మొత్తం అడుగుతాయి. ఆ అంకె తుడిచి ఈ పనికి కావలసినంతే వెయ్యి. డిస్‌కనెక్ట్ చేస్తే ఆ హక్కు పోదు, రివోక్ చెయ్యాలి, అంటే ఇచ్చిన హక్కు వెనక్కి తీసుకోవాలి. రివోక్ కూడా చైన్ చైన్‌కీ విడిగా, ప్రతిదానికీ గ్యాస్ (చైన్ ఫీజు) కట్టి. ఈథీరియం లావాదేవీలు చూపే ఈథర్‌స్కాన్ సైట్‌లో ఇందుకోసం పేజీ ఉంది, మిగతా చైన్లకి రివోక్ క్యాష్ లాంటి సైట్లు ఉన్నాయి. నెలకోసారి కూర్చుని చూసుకో.

గ్యాస్ అడగని సంతకం మాట మరీ ముఖ్యం. పర్మిట్ అనే సందేశం మీద ఉత్తి సంతకం పెడితే చైన్ మీద అప్పటికి ఏమీ జరగదు, చరిత్రలో కనబడదు. ఆ సంతకం చేతిలో ఉన్నవాడు గడువులోపు తనకు వీలైనప్పుడు టోకెన్లు లాగేస్తాడు. స్పెండర్ (ఖర్చుపెట్టే హక్కు పొందేవాడు) అడ్రస్, మొత్తం, గడువు అనే గడులు కనిపిస్తే అది లాగిన్ కాదు, ఇవ్వడం. 2025 మేలో ఈథీరియంలో వచ్చిన పెక్ట్రా అప్‌గ్రేడ్‌తో మామూలు ఖాతా పనిని కూడా కాంట్రాక్ట్‌కి అప్పగించే సంతకం వచ్చింది. అందులో చైన్ ఐడీ (చైన్‌ని గుర్తించే అంకె) సున్నా అని ఉంటే, అది ఆ పద్ధతి ఉన్న ఏ చైన్‌లోనైనా చెల్లుతుంది. సైట్ అలా అడిగితే మూసేసి బయటికి రా. తెర మీద కనిపించేది ఒకటి, సంతకం పెట్టేది ఒకటి అయితే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో బైబిట్ ఎక్స్ఛేంజ్ సంఘటన చూపించింది, సుమారు 150 కోట్ల డాలర్లు పోయాయి. చదివి అర్థంకాని సంతకం రద్దు చెయ్యి, రద్దు చేస్తే నీకు పోయేదేమీ లేదు.

చైన్ నుంచి చైన్‌కి మార్చాలంటే బ్రిడ్జ్ కావాలి. వాటిలో డబ్బు పోగుపడి ఉంటుంది కాబట్టి దొంగల కళ్ళన్నీ వాటి మీదే. 2022లో రోనిన్, వర్మ్‌హోల్, నోమాడ్ మూడూ దెబ్బతిన్నాయి. కావలసినంతే, కావలసినప్పుడే దాటించు. అవతల చేరిన టోకెన్ అసలుదా, బ్రిడ్జ్ చేసిన నకలు రూపమా చూడు, ఎక్స్ఛేంజ్ రెండోదాన్ని తీసుకోకపోవచ్చు. అడగకుండా వచ్చిపడిన టోకెన్‌ని ముట్టుకోకు, అమ్మబోతే అది చెప్పే సైటే వల. సహాయ బృందమంటూ పదాలు అడిగినవాళ్ళు దొంగలే, ఇందులో మినహాయింపు లేదు.

ఏదైనా పోతే ముందు ఏది పోయిందో చూడు. ఒక చైన్‌లో ఒకే టోకెన్ పోతే బహుశా అప్రూవల్ తప్పు, వెంటనే రివోక్ చెయ్యి. వేర్వేరు చైన్లలో సొంత నాణేలతో సహా పోతే పదాలు లీకైనట్టే. అప్పుడు పిన్ మార్చి లాభంలేదు, తాళంచెవి మారదు. శుభ్రమైన మరో పరికరంలో కొత్త సీడ్ చేసి, మిగిలినవాటిలో విలువైనదాన్ని ముందు అక్కడికి పంపు. పాత వాలెట్‌లోకి గ్యాస్ వేయకు, బాట్లు (దొంగల ఆటోమేటిక్ ప్రోగ్రామ్‌లు) కాచుకుని క్షణంలో లాగేసుకుంటాయి.

ముందు ఆ కాగితం పరీక్ష ముగించి నాకు రాయి. హార్డ్‌వేర్ వాలెట్ ఎలా ఎంచుకోవాలో అప్పుడు చెబుతాను.

ఆశీస్సులతో,
మావయ్య